శస్త్రచికిత్సకు ముందు ఒక మాట

ఈ వారము పాఠకులకు, ముఖ్యముగా మన వైశ్య కుటుంబములవారికి, ప్రాణములకు సంబంధించిన ఒక విషయము మనవి చేయదలచితిమి.

కొన్నేండ్ల క్రిందట మా బంధువులలో ఒక సోదరికి పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగినది. పని గంటలో ముగిసినను ఆమె తనంతట ఊపిరి తీయలేకపోయినది. సాయంకాలమువరకు యంత్రమే ఊపిరి అందించినది. తెలివి వచ్చి మాటలు వినబడుచున్నను కనురెప్ప ఎత్తలేకపోతినని ఆమె పిమ్మట చెప్పినది. అంతకుముందు ఆమె ఆరోగ్యవంతురాలు.

మత్తు ఇచ్చునపుడు శ్వాసనాళములో గొట్టము అమర్చుటకై, కండరములను సడలించు సక్సినైల్‌కోలిన్ అను సూదిమందు వాడుదురు. రక్తములోని బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అను ఎంజైము దానిని విరిచివేయుటచే సాధారణముగా 5, 10 నిమిషములలో ఆ మందు శక్తి తీరిపోవును. ఈ ఎంజైము పుట్టుకతో లోపించినవారికి గంటల తరబడి కండరములు కదలవు. ఊపిరి తీయు కండరములును అంతే. యంత్రసహాయమున్నచో రోగి కోలుకొనును, లేనిచో ప్రాణాపాయము. నిత్యజీవితములో మాత్రము ఈ లోపమునకు ఏ లక్షణమును కానరాదు.

తల్లిదండ్రులిరువురినుండియు లోపమున్న జన్యువు సంక్రమించినవారికి ఇది తీవ్రముగా నుండును. తరతరములుగా మనలో మనమే వియ్యమందుటచే వైశ్యులలో ఇది ఇతరులకన్న సుమారు 100 రెట్లు అధికమని హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్, హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ రైక్ ప్రభృతులు 2017లో ప్రకటించిరి. అయినను వైశ్యులందరికిని ఈ లోపముండదు. ఇతర కులములలోను అరుదుగా కలదు.

తెలుగుదేశమున పలువురు వైద్యులు ఈ సంగతి ఎరిగి, కులమేదని ముందుగనే అడుగుదురు. మన కిన్వట్ తాలూకా 1956లో ఆదిలాబాదు జిల్లానుండి విడివడి నాందేడు జిల్లాలో చేరినది. సరిహద్దు మారినను వంశము మారలేదు. ఇచ్చటి వైద్యులు అడుగకపోవచ్చును గనుక మనమే చెప్పవలెను. మరాఠీలో రెండు వాక్యములు చాలును: మేము కోమట్లము, మత్తుమందుకు ముందు కోలినెస్టరేజ్ పరీక్ష చేయించుడు. పురుగుమందు విషమెక్కినవారికి చేయు రక్తపరీక్షయే ఇది. అత్యవసరమై పరీక్షకు వ్యవధి లేకున్నను మాట చెప్పుటకు వ్యవధి యుండును. సక్సినైల్‌కోలిన్‌కు బదులు రోక్యురోనియం వంటి మందులు కలవు. లోపము తేలినవారు ఆ చీటీని వెంట నుంచుకొని, తోబుట్టువులకును పరీక్ష చేయింపవలెను.

సంబంధములు చెడునను భయముచే ఆడపిల్లల విషయమున దీనిని దాచువారున్నారు. దాచిన మాట ప్రసవమున హఠాత్తుగా శస్త్రచికిత్స అవసరమైననాడు ఆ బిడ్డ ప్రాణము మీదికే వచ్చును. పెద్దలు ఈ విషయమును ఇంటిల్లిపాదికిని చదివి వినిపింతురుగాక.