మందు ఒక్కటే చాలదు, జట్టు కావాలి



గత సంచికలో 'పురీషనాళ క్యాన్సర్‌కు ఇక కోత అక్కర్లేదు' అన్న వ్యాసం ఆశ కలిగించింది. కానీ అందులో సగం నిజమే ఉంది.

2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ వైద్యులు డోస్టార్లిమాబ్ మందును మూడు వారాలకోసారి ఆరు నెలలపాటు ఇచ్చినప్పుడు, మొదటి 12 మందికీ కణితి కనిపించకుండా పోయింది. అయితే వారందరివీ డీఎన్ఏ తప్పులను సరిదిద్దుకోలేని కణితులు. పురీషనాళ క్యాన్సర్లలో అలాంటివి నూటికి 5 నుంచి 10 మాత్రమే. తక్కిన వారిలో చాలామందికి రేడియేషన్, కీమో, శస్త్రచికిత్సలే ఆధారం.

ఆ శస్త్రచికిత్స కూడా ఎంతో మెరుగైంది. పురీషనాళాన్ని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా చెదరకుండా తీయాలని ఇంగ్లండ్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో చూపాక, వ్యాధి అక్కడే తిరగబెట్టడం బాగా తగ్గింది.

ఎవరికి ఏ చికిత్స సరైనదో ఒక్కరు తేల్చలేరు. ఎమ్మారై చదివే రేడియాలజిస్టు, కణితిని పరీక్షించే పెథాలజిస్టు, సర్జన్, క్యాన్సర్ వైద్యుడు కలిసి కూర్చోవాలి. ఇదే క్యాన్సర్ వచ్చిన మా నాన్నగారికి అలా జరగలేదు. మలం పోయేందుకు పొట్టమీద సంచి అమర్చి ఇంటికి పంపారు. దాన్ని మార్చడం నేర్పే నర్సు కూడా లేదు. ఆ రాత్రులు మరచిపోలేను.

పాఠకులకు నా మనవి: మలంలో రక్తం పడితే మొలలేనని సరిపెట్టుకోకండి. క్యాన్సరని తేలితే, "నా కేసును వైద్యుల బృందం చర్చించిందా?" అని తప్పక అడగండి.

— ఒక పాఠకురాలు, గుంటూరు