కొలిమి దగ్గరి సాక్షి

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో కరిగిన ఉక్కు ధారను అదుపు చేసేది లేడిల్ అడుగున ఉండే స్లైడ్ గేట్. రంధ్రాలున్న రెండు పలకల్లో ఒకటి కాస్త జరిగితే చాలు, ధార సన్నబడుతుంది లేదా పెరుగుతుంది. ఇలాంటి పరికరంలో ఏదో మార్పు చేసి ఒక కంపెనీ పేటెంట్ అడిగిందనుకుందాం. అప్పుడు చట్టం వేసే కీలక ప్రశ్న: ఆ పని తెలిసినవారికి ఇది ఇట్టే తట్టేదేనా?

పని తెలిసినవారి మాటకు ఎంత విలువుందో అమెరికా గాజు పరిశ్రమ ఎప్పుడో చూపింది. కరిగిన గాజును ముద్దలుగా అచ్చుల్లోకి వదిలే యంత్రానికి హార్ట్‌ఫర్డ్ కంపెనీ పేటెంట్ కోరితే అధికారులు ససేమిరా అన్నారు. దాంతో కంపెనీ మనుషులే ఆ యంత్రాన్ని పొగుడుతూ వ్యాసం రాసి, గాజు కార్మిక సంఘం అధ్యక్షుడు విలియం క్లార్క్ పేరుతో 1926లో అచ్చు వేయించారు. 1928లో పేటెంట్ వచ్చింది. హేజెల్-అట్లాస్ కంపెనీపై వేసిన దావా కింది కోర్టులో వీగిపోయినా, 1932లో అప్పీలు కోర్టు ఆ వ్యాసాన్నే ఉటంకిస్తూ హార్ట్‌ఫర్డ్‌ను గెలిపించింది. హేజెల్-అట్లాస్ పది లక్షల డాలర్లు చెల్లించుకుంది. గుట్టు రట్టయ్యాక, 1944లో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది.

కార్మికుడి సాక్ష్యానికి విలువ లేకపోతే దాన్ని కల్పించాల్సిన అవసరమేముంది?

మన దగ్గరా అంతే. మిర్జాపూర్ పాత్రల తయారీ కేసులో 1978లో మన సుప్రీంకోర్టు, వర్క్‌షాపులో చేసుకునే మామూలు మెరుగుదలకు పేటెంట్ ఇవ్వలేమని తేల్చింది. అయితే అది మామూలు మెరుగుదలేనని నిరూపించేదెవరు? పేటెంట్ మంజూరుకు ముందు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చని చట్టంలోని 25వ సెక్షన్ అంటోంది. 2024లో సవరించిన నిబంధనలు మాత్రం దానికి రుసుము పెట్టాయి. అభ్యంతరం విచారణకు అర్హమో కాదో ముందే తేల్చే అధికారం కంట్రోలర్‌కు ఇచ్చాయి. కంపెనీలకు ఇది లెక్కలోది కాదు. షిఫ్టు దిగి ఇంటికెళ్లే కార్మికుడికి మాత్రం గడప ఎత్తు పెరిగినట్టే.

భిలాయ్‌లో ఉత్తరాంధ్ర కుటుంబాలవారితో సహా ఎందరో కార్మికులు కొలిమి పక్కనే నేర్చిన మెలకువలు ఎక్కువగా నోటిమాటగానే మిగిలిపోతాయి. అవి బయటి లోకానికి తెలిసినట్టు తేదీతో ఆధారం లేకపోతే పేటెంట్ కార్యాలయంలో చెల్లవు. కార్మిక సంఘాలు బోనస్ కోసం పోరాడినట్టే, యాజమాన్యాన్ని ఒప్పించి ఈ మెలకువలను కార్మికుల పేర్లతో ప్రచురించాలి. ఆ పని వాళ్లు చేయకపోతే, రేపు వాళ్ల తరఫున రాసేది మరో క్లార్క్ వ్యాసమే.