ఊరి పేజీ అడ్రసులో జిల్లా పేరు వద్దు



మన ఊళ్ల వికీ మొదలైనందుకు చాలా సంతోషం. సెలవుల్లో తమ్ముళ్లు కూర్చుని పన్నెండు ఊళ్ల పేజీలు నమూనాగా పెట్టారు, అన్నీ చూశాను. చెట్ల పేర్లు, పండుం వివరాలు, పాత ఫొటోలు, అన్నీ బాగున్నాయి. నాకు నచ్చనిది ఒక్కటే. ఒక పేజీలో ఉన్న వివరాన్ని ఇంకో పేజీలోకి పిలవాలంటే ఏమని రాయాలి అన్నది. గ్రూపులో రెండు లైన్లలో చెప్తే "అన్నా, అది తర్వాత చూసుకుందాం" అన్నారు. పన్నెండు పేజీలప్పుడు మార్చగలం గానీ ఐదు వందలయ్యాక ఎవరూ ముట్టుకోరు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఇప్పుడు పెట్టిన అడ్రసు పద్ధతి "జిల్లా.మండలం.ఊరు". పోస్టు కవరు మీద రాసినట్టు చక్కగానే ఉంది. కానీ మా ఊరి సంగతి వినండి. మాది కూనవరం పక్కన. మా తాత పుట్టినప్పుడు మాది తూర్పుగోదావరి. 1959లో భద్రాచలం తాలూకాని తీసి ఖమ్మంలో కలిపారు, మా నాన్న, నేను ఖమ్మం జిల్లాలో పుట్టాం. 2014లో మండలాలతో సహా మమ్మల్ని ఆంధ్రాకి ఇచ్చేశారు, మళ్లీ తూర్పుగోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇన్నిసార్లు జిల్లా మారినా ఊరు ఒక్క అడుగు కదల్లేదు. అవతల ఆదిలాబాద్ వాళ్లదీ అదే కథ. 2016లో జిల్లాని నాలుగు ముక్కలు చేస్తే ఇంద్రవెల్లి ఆదిలాబాద్‌లో ఉండిపోయింది, జోడేఘాట్ కుమ్రం భీం ఆసిఫాబాద్‌కి వెళ్లింది. మనల్ని అడిగి గీసిన గీతలా ఇవి? వాటిని తెచ్చి మన ఊరి పేజీ పునాదిలో పెట్టుకుంటే, వాళ్లు గీత మార్చినప్పుడల్లా మన పేజీలు విరిగిపోతాయి.

తెలియని తమ్ముళ్లు చెల్లెళ్ల కోసం ఒక మాట. మనం వాడుతున్న ఎక్స్‌వికీలో క్లాసు అంటే ఖాళీ ఫారం అనుకోండి. ఆబ్జెక్టు అంటే నింపిన ఫారం, దాన్ని ఊరి పేజీకి పిన్ను కొట్టినట్టు తగిలిస్తాం. ప్రాపర్టీ అంటే ఆ ఫారంలో ఒక గడి. జనాభా, వాగు పేరు, పండుం నెల, ఇలా. బయటి నుంచి ఆ గడిని పిలవాలంటే ముందు పేజీ అడ్రసు, తర్వాత టోపీ గుర్తు, తర్వాత ఫారం పేరు, చదరపు బ్రాకెట్లో అది ఎన్నో కాపీ అన్న అంకె, చుక్క, గడి పేరు. ఇలా:

అల్లూరి.కూనవరం.మాఊరు^ఫారాలు.ఊరిఫారం[0].జనాభా

ఇందులో చుక్క ఎన్ని పనులు చేస్తుందో చూడండి. పేజీ కింద పేజీకి అదే, ఫారం ఏ గూటిలో ఉందో చెప్పడానికి అదే, గడికీ అదే. మరి వి.ఆర్.పురం మండలం సంగతేంటి? పేరులోనే రెండు చుక్కలు. వాటి ముందు వెనక్కి వాలిన గీత పెట్టి "వి\.ఆర్\.పురం" అని రాయాలి, లేకపోతే సాఫ్ట్‌వేర్ దాన్ని మూడు పేజీలనుకుంటుంది. నమూనాలో ఒక పేజీ ఎందుకు ఖాళీగా వస్తుందో తమ్ముడు రెండు రోజులు వెతికాడట. అది ఇదే. తెలుగు పేర్లకి ఇంకో తంటా ఉంది. చివర పొల్లు ఉన్న పేరు, అంటే "చింతూర్" లాంటిది, కొన్ని కీబోర్డుల్లో కొడితే దాని వెనక కంటికి కనపడని అక్షరం ఒకటి చేరుతుంది. మనకి రెండూ ఒకటే, మిషనుకి వేరు వేరు. ఎటపాకని కొందరు యటపాక అంటారు. పేరునే తాళంచెవి చేస్తే ఇవన్నీ తగువులే.

పేరు మారిస్తే ఎక్స్‌వికీ లింకులు తనే సరిచేస్తుందిగా అని ఒక చెల్లి అడిగింది. లింకుల్ని సరిచేస్తుంది, నిజమే. మనం స్క్రిప్టుల్లో చేత్తో రాసిన పిలుపుల్ని సరిచేయదు. మన జాబితాలన్నీ వాటితోనే నడుస్తున్నాయి.

నేను చెప్పేది, ఊళ్లన్నీ ఒకే గూటిలో పెట్టి, ప్రతి ఊరికీ ఒక అంకె ఇద్దాం. "ఊళ్లు.ఊ41". ఎక్స్‌వికీలో పేజీ అడ్రసు వేరు, పైన కనపడే శీర్షిక వేరు. శీర్షికలో ఊరి పేరు నిండుగా ఉంటుంది, చదివేవాళ్లకి అంకె కనపడక్కర్లేదు. జిల్లా, మండలం ఫారంలో గడులుగా పోతాయి, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అన్న తేదీలతో. అప్పుడు "1959కి ముందు తూర్పుగోదావరిలో ఉన్న ఊళ్లు" అని అడిగినా జాబితా వస్తుంది. 2012లో మొదలైన వికీడేటా దారి ఇదే. ఆంధ్రప్రదేశ్ అక్కడ క్యూ1159, రాజధాని అనే ప్రాపర్టీ పి36. పేరుని ఎన్ని భాషల్లో ఎలా మార్చినా పిలుపు తెగిపోదు.

దీనికి వచ్చిన అభ్యంతరాల్లో నాకు బాగా తగిలింది ఒకటి. "మనల్ని అంకెలు చేసింది సర్కారు, మనమూ అదే చేస్తామా?" అని ఒక అక్క రాసింది. ఆ బాధ నాకు తెలుసు. కానీ అక్కా, కోయోళ్లకి అంకె పరాయిది కాదు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని మనమే చెప్పుకుంటాం కదా. ఎక్కడికి వలస పోయినా ఇంటిపేరు రాతలో మారొచ్చు గానీ గట్టు మారదు. పెళ్లి మాట వచ్చినప్పుడు పెద్దోళ్లు ముందు అడిగేది అదే. నేను అడిగేది అలాంటి అంకె.

జనాభా లెక్కల కోడ్ వాడదాం అన్నవాళ్లకి మాత్రం ఒప్పుకోను. 2001 కోడ్లు 2011లో మారిపోయాయి. పైగా అవి రెవెన్యూ ఊళ్లకే. మన గుంపులకి విడిగా ఉండవు. గొత్తికోయలని బయటోళ్లు పిలిచే మన మురియా వాళ్లు అడవిలో ఇళ్లేసుకున్న గుంపులైతే అసలే లేవు. ఆ కోడ్ ఫారంలో ఒక గడిగా ఉండనివ్వండి, చాలు.

ఇప్పుడు అసలు విషయం. పోలవరం ముంపు ఊళ్లు. జనాన్ని కాలనీలకి తెస్తున్నారు. ఒక్కోసారి ఒకే ఊరి గుంపులు వేరు వేరు కాలనీలకి పోతాయి. పేరే అడ్రసైతే ఆ పేరు ఎవరికి? కాలనీకి పాత ఊరి పేరు పెడితే, రేపు ఎవరో మంచి మనసుతోనే పాత పేజీ తెరిచి జనాభా, ఫొటోలు, దారి అన్నీ కాలనీవి నింపేస్తారు. గోదారి ముంచకముందే ఊరు మన వికీలో మునిగిపోతుంది. అంకెలుంటే ఊరికి ఊ41 అలాగే ఉంటుంది. కాలనీకి కొత్త అంకె, "ఎక్కడి నుంచి వచ్చారు" అనే గడిలో ఊ41. రెండు కాలనీలైతే రెండూ ఊ41నే చూపిస్తాయి. కొత్తగుట్ట లేకపోయినా పాత వేల్పు చోటు ఎక్కడుండేదో చెప్పే పేజీ ఒకటి మిగలాలి.

చదరపు బ్రాకెట్లో ఉన్న [0], [1] కూడా నాకు నచ్చలేదు. 2001 జనాభా ఒక ఫారం, 2011ది ఇంకో ఫారం. [1] అని రాస్తే అది ఏ ఏటిదో చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది? ముందు ఎవరు ఎక్కించారో దాన్ని బట్టి వచ్చిన అంకె అది. వికీడేటాలో జనాభా పక్కనే ఏడు తగిలిస్తారు. మనం కూడా ఫారంలో ఏడు గడి తప్పనిసరి చేసి, స్క్రిప్టు ఆ ఏడుని బట్టి వెతికేలా రాద్దాం. కొంచెం నిదానంగా నడుస్తుంది, నడవనీండి. ఫోన్లో టోపీ గుర్తు ఎక్కడుందో వెతుక్కునే బాధ కూడా తప్పుతుంది. సెమాంటిక్ మీడియావికీలో వాక్యం మధ్యలోనే రెండు కోలన్లతో [[జనాభా::450]] అని రాస్తారు, రాసేవాళ్లకి అంత సులువైంది నేను చూడలేదు. మన దాంట్లో అది లేదు కాబట్టి రాసేవాళ్లకి ఫారం, పిలిచేవాళ్లకి స్క్రిప్టు.

ఇంకొక్కటి. గడిని బయటి నుంచి పిలవగలిగామంటే ఎవరైనా పిలవగలరు. వేల్పుల వివరాలు, పడిగెల బొమ్మలు ఊరి ఫారంలో గడులుగా పెట్టొద్దు. ఊరి పెద్దలు, వడ్డె ఒప్పుకున్నది మాత్రమే, అదీ మామూలు రాతగా.

పన్నెండు పేజీలు మార్చడం ఒక పూట పని, నేను చేసి పెడతా. కానీ అంకెలు ఇవ్వాలంటే ముందు గుంపుల జాబితా కావాలి. మన దగ్గర రెవెన్యూ ఊళ్ల పేర్లే ఉన్నాయి. పండక్కి ఇంటికెళ్లినప్పుడు మీ ఊళ్లో ఎన్ని గుంపులున్నాయో, వాటిని కోయ మాటలో ఏమంటారో పెద్దోళ్లని అడిగి రాసుకు రండి. ముంపు మండలాల వాళ్లు ముందు పంపండి.