ఏడవనివ్వండి

చావు జరిగిన ఇంటికి వెళ్తే మన నోట ముందుగా వచ్చే మాట, "దేవుని చిత్తం." ఆ మాట తప్పని నేననను. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు కూర్చుని మనం అనాల్సిన మాటేనా అది?

కిందటేడు మా యారాలి కొడుకు, పంతొమ్మిదేళ్లవాడు, బండి ప్రమాదంలో పోయాడు. సుబేదారిలో మా ఇంటికి రెండిళ్ల అవతలే వాళ్లిల్లు. ఆదరణ కూడికకు వచ్చిన ఒకావిడ "ప్రార్థనలో ఎక్కడో వెనకబడ్డారమ్మా" అంది. ఇంకొకావిడ "విశ్వాసులు ఏడవకూడదు" అని కళ్లు తుడిచింది. అందరూ వెళ్లాక యారాలు నన్నడిగింది: "అక్కా, నేనేం తక్కువ చేసిన?"

దానికి నా దగ్గర జవాబు లేదు. బైబిల్లో వెతికితే అక్కడా జవాబు దొరకలేదు గానీ, అదే ప్రశ్న అడిగినవాళ్లు బోలెడుమంది కనిపించారు.

యోబునే తీసుకోండి. పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్నాడు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అంతవరకే! నోరు తెరిచాక మాత్రం, నువ్వేదో పాపం చేసే ఉంటావన్న వాదనే. దేవుడు సుడిగాలిలోంచి యోబునూ గట్టిగానే ప్రశ్నించాడు, నిజమే. కానీ ఆఖరి అధ్యాయంలో ఆయన కోపం తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీదే.

ఇక మార్త. వంటపని ధ్యాస ఎక్కువని ప్రసంగాల్లో పాపం ఆమెకెప్పుడూ చీవాట్లే. తోడబుట్టిన లాజరు సమాధిలో నాలుగు రోజులుగా ఉంటే, ఆలస్యంగా వచ్చావని యేసు ముఖం మీదే నిష్ఠూరమాడింది ఆమె. ఆయన కోప్పడలేదు. కాసేపట్లో లాజరును లేపబోతున్నవాడు కూడా అక్కడ కన్నీళ్లు పెట్టుకున్నాడు. మరి విశ్వాసులు ఏడవకూడదన్న మాట ఎక్కడిది?

దేవుణ్ణి నిలదీయడం మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. గోల్కొండ చెరలో రామదాసు, చేయించిన నగల లెక్క చెప్పి మరీ రాముణ్ణి అడిగాడు. బి.ఏ.లో చదువుకున్న జాషువా 'గబ్బిలం' (1941) కూడా దేవుడికి పంపిన ఫిర్యాదే.

మా యారాలికి ఊరటనిచ్చింది 88వ కీర్తన. కష్టంతో మొదలైన కీర్తనలు చాలావరకు స్తుతితోనో నమ్మకంతోనో ముగుస్తాయి. ఇది మాత్రం చీకట్లోనే ఆగిపోతుంది. "ఇది కూడా ప్రార్థనే అని బైబిల్లో పెట్టిన్రు కదక్కా" అంది. నాకు తెలిసిన ప్రసంగాలన్నిటికంటే ఆ మాటే ఎక్కువ నచ్చింది.

అలాంటి ఇంటికి వెళ్లేటప్పుడు వాక్యం సిద్ధం చేసుకోకండి. క్యారియర్‌లో కాస్త అన్నం, చారు పట్టుకెళ్లండి. అంట్లుంటే తోమండి. నెల దాటాక ఇంకోసారి వెళ్లండి, అప్పటికి వచ్చిపోయేవాళ్లు తగ్గిపోతారు. పోయిన బిడ్డ పేరు పెట్టి మాట్లాడండి. ఆ పేరు ఎత్తడానికి అందరూ భయపడుతుంటారు, తల్లేమో ఎవరైనా ఎత్తితే బాగుండని చూస్తూ ఉంటుంది.