నడక మానకండి, పుస్తకమూ మూయకండి

ఎండ ముదరకముందే భిలాయి జయంతి స్టేడియం వైపు వెళ్లి చూడండి. హిందీ, ఛత్తీస్‌గఢీ మాటల నడుమ శ్రీకాకుళం, విజయనగరం యాసలు గట్టిగానే వినబడతాయి. స్టీల్ ప్లాంటులో రిటైరైన ఆపరేటర్లు, వాళ్ల ఇల్లాళ్లు, ట్యూషన్లు చెప్పుకునే నాలాంటి వాళ్లు కబుర్లాడుకుంటూ నడుస్తుంటాం. మాలో చాలామందిని నడకలో పెట్టింది డాక్టర్లే. అందుకు సంతోషమే. 2022 నాటికి మన దేశంలో వయోజనుల్లో దాదాపు సగం మందికి ఒంటికి చాలినంత వ్యాయామం లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో చెప్పింది. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త వేగంగా నడిచినా చాలునంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

కానీ ఇదే గుంపులో "ఈమధ్య ఏం చదివారు?" అని అడగండి. "ఈ వయసులో ఇంకా చదువులేంటమ్మా" అంటారు. నడవమని చెప్పడానికి డాక్టరున్నాడు. కథ చదవమని చెప్పేవాళ్లెవరూ లేరు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన తెలుగుదాన్నిగా నేను చెప్పదలుచుకున్నది ఇదే: పరాయి రాష్ట్రంలో బతికే మనకు నడక ఎంత అవసరమో, సరదాగా తెలుగు చదువుకోవడమూ అంతే అవసరం. ఆ రెండూ ఇష్టంతో చేస్తేనే నిలుస్తాయి.

మా నాన్న వీరఘట్టం దగ్గరి పల్లె నుంచి అరవైల్లో ఇక్కడికొచ్చి కోక్ ఓవెన్స్‌లో చేరారు. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ అంటూ ఆయన నిద్ర వేళలు మారిపోతూనే ఉండేవి. బట్టీల సెగలో ఎనిమిది గంటలు నిలబడి, సైకిలు తొక్కుకుంటూ క్వార్టర్‌కి వచ్చేవారు. అయినా వీలు చూసుకుని పెరట్లో దండీలు, బస్కీలు తీసేవారు. అంత చాకిరీ చేసొచ్చి మళ్లీ ఈ కష్టమెందుకని అమ్మ అడిగితే ఒకటే మాట: "అది ప్లాంటుకి సేసింది. ఇది నాకోసం సేసుకుంది."

ఛాతీ మీద ఏనుగును నిలబెట్టించుకున్న కోడి రామ్మూర్తి పుట్టిందీ వీరఘట్టంలోనే. ఆ పేరెత్తితే చాలు, నాన్నకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చేది. కసరత్తు ఆయనకు మందు కాదు, తన ఊరితో తెగని చుట్టరికం.

చదువు కూడా అలాగే. నాన్న పనిచేసిన ఈ స్టీల్ ప్లాంటు కోసం 1955లో మన ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. రష్యన్ ఇంజినీర్లతో కలిసి పనిచేసిన ఊరు ఇది. ఆ రష్యా మనుషుల కథలేమో మాకు తెలుగులోనే దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో ఉండి అనువదించిన పుస్తకాలను విజయవాడలోని విశాలాంధ్ర వాళ్లు చవగ్గా అమ్మేవారు. నాన్న సెలవుకి ఊరెళ్లినప్పుడల్లా కొన్ని పట్టుకొచ్చేవారు.

వాటితోపాటు చందమామ. పక్క క్వార్టర్‌లో నా స్నేహితురాలు హిందీ చందమామ తెచ్చుకునేది. మేమిద్దరం గోడకి అటూ ఇటూ నిలబడి ఒకే బేతాళ కథను రెండు భాషల్లో చెప్పుకునేవాళ్లం. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది బడిలో కాదు, ఆ ఆనందంలోనే. డ్యూటీ నుంచి రాగానే నాన్న "ఏటి సదివినావే ఇయాల?" అని అడిగేవారు. మార్కుల సంగతి తర్వాతెప్పుడో అడిగేవారు.

పెద్దయ్యాక రావిశాస్త్రి నా అభిమాన రచయిత అయ్యారు. ఆయన వృత్తికి వకీలు. కోర్టుల చుట్టూ తిరిగే పేదల బతుకును, వాళ్ల నోటి మాటను ‘ఆరు సారా కథలు’లో అలాగే దించారు. అప్పటిదాకా మా ఇంటి మాట ఇంట్లోకే పరిమితమని నా నమ్మకం. బడిలో హిందీ, కాయితాల మీద ఇంగ్లీషు. మా అమ్మమ్మ మాట్లాడినట్టే అచ్చులో కనబడేసరికి నాకు వెన్ను నిటారుగా నిలబడింది. వ్యాయామం ఒంటికిచ్చే నిబ్బరం ఎలాంటిదో, ఆ పుస్తకం మనసుకిచ్చిన నిబ్బరమూ అలాంటిదే.

రచయితను అభిమానించడమంటే ఏమిటో నాకు చూపించింది మాత్రం కాళీపట్నం రామారావు మాస్టారు. ‘యజ్ఞం’ లాంటి కథ రాసిన మనిషి, విశాఖలో ఏళ్ల తరబడి బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన తన పేరు నిలబెట్టుకునే పనిలో పడలేదు. తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చడానికి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం ప్రారంభించారు. తనకొచ్చిన పురస్కారాల డబ్బు దానికే పెట్టారు. ఇతరుల కథల మీద అంత ప్రేమ ఉండబట్టే వాటికి ఒక ఇల్లు కట్టారు. రచయిత ఫోటోకి దండ వేయడం సులువు. ఆ రచయితను మరొకరి చేత చదివించడమే అసలైన అభిమానం.

ఇప్పుడు మన ఇళ్లలో ఏం జరుగుతోంది? మా తరానికి తెలుగు చదవడం వచ్చు. మా పిల్లల్లో చాలామంది మాట్లాడతారు, చదవలేరు. మనవలు అర్థం చేసుకుంటారు, జవాబు హిందీలో చెబుతారు. సెక్టార్ 5 బాలాజీ గుడికి పండగనాడు వెళ్తే తెలుగుదనం కళకళలాడుతుంది. కానీ భక్తి ఒక్కటే భాషను బతికించలేదు. దానికి ఇంట్లో పుస్తకం కావాలి.

హిందీ మీద నాకు ఏ కినుకా లేదు. హిందీ కవి ముక్తిబోధ్ పాఠాలు చెప్పిన రాజనాంద్‌గావ్ మాకు కూతవేటు దూరం. అక్కడే పుట్టిన వినోద్ కుమార్ శుక్ల్‌కి 2024 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చినప్పుడు నేను గర్వపడ్డాను. ఇక్కడి గనియారీ గ్రామానికి చెందిన తీజన్ బాయి బడి చదువు లేకుండానే తాతగారి దగ్గర విని, భారత కథను పాడి చెప్పే పండవానీ నేర్చుకున్నారు, 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఆవిడ జీవితం చెప్పేదేమిటి? సాహిత్యం ముందు చెవిన పడాలి. అక్షరం తర్వాత నేర్చుకోవచ్చు.

అందుకే మా నడక బృందంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆదివారం నడక ముగిశాక చెట్టు కింద కూర్చుని ఒకరం ఒక కథ పైకి చదువుతాం. చాసో కథ ఒకసారి, కొడవటిగంటి కథ ఇంకోసారి. వెంట వచ్చిన పిల్లలు మొదట ఫోన్లు చూసుకునేవారు. రావిశాస్త్రి పాత్రలు మాట్లాడటం మొదలుపెట్టగానే "అచ్చం నానమ్మలాగే ఉంది" అంటూ దగ్గరికి జరిగారు. ఓ కాలేజీ అబ్బాయి తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు. వ్యాకరణం క్లాసుతో ఇది జరగదు. ఒక రచయిత మీద ఇష్టం పుట్టాలి.

టైము లేదనేవాళ్లకి ఒక్క మాట. టాల్‌స్టాయ్ 67 ఏళ్ల వయసులో సైకిలు నేర్చుకున్నారు. జపాన్ రచయిత మురకామి దశాబ్దాలుగా పరిగెడుతూనే నవలలు రాస్తున్నారు. మూడు షిఫ్టుల మనిషి మా నాన్నకి రెండింటికీ వేళ దొరికింది. ఉద్యోగం, పిల్లల ఫీజులు, బంధువుల పెళ్లిళ్లు అన్నీ ఎవరి కోసమో చేసే పనులు. రోజులో ఒక గంటైనా మనకోసం చేసుకునేది ఉండాలి. దానివల్ల లాభమేమిటని అడగకండి.

2024 సెప్టెంబరు నుంచి దుర్గ్, విశాఖల మధ్య వందేభారత్ నడుస్తోంది. ఊరెళ్లి వచ్చేటప్పుడు ఆవకాయ జాడీతో పాటు ఒక కథల పుస్తకం తెచ్చుకోండి. మన తెలుగు సంఘాలు పండగ ఖర్చులో కొంత పుస్తకాలకు కేటాయించాలి. వచ్చే ఆదివారం నడక అయ్యాక, మీకు నచ్చిన రచయిత కథ ఒకటి మీ ఇంటి పిల్లలకు పైకి చదివి వినిపించండి.