రెండు ముద్దల భోజనం

పిల్లలూ, "టేస్టింగ్ మెనూ" అనే మాట విన్నారా? అలాంటి రెస్టారెంట్లో మనం ఏమీ ఆర్డర్ చెయ్యం. ఏది ముందు, ఏది తర్వాత అన్నది షెఫ్ నిర్ణయిస్తారు. పదో పదిహేనో వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒక్కొక్కటీ ఒకటి రెండు ముద్దలే!

దుబాయ్‌లో, పామ్ జుమేరాలో ట్రెసిండ్ స్టూడియో ఉంది. అక్కడి షెఫ్ హిమాంశు సైనీ. 2025లో ఆ రెస్టారెంటుకు మూడు మిచెలిన్ స్టార్లు వచ్చాయి. అంతకంటే ఎక్కువ స్టార్లు ఎవరికీ ఇవ్వరు. ప్రపంచంలో ఒక భారతీయ రెస్టారెంటుకు మూడు స్టార్లు రావడం అదే మొదటిసారి.

ఈ సంగతి చెబితే, అల్ నహ్దాలో మా పక్క ఫ్లాట్ తాతగారు నవ్వారు. "అంత డబ్బు పోసి రెండు ముద్దలు తినడమేంటమ్మా? కడుపు నిండొద్దూ?" అన్నారు.

ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. అలాంటి భోజనం చాలా ఖరీదు. కానీ నేను ఆయనతో పూర్తిగా ఒప్పుకోను. అలాంటి చోట ప్రతి వంటకంతో పాటు ఒక మనిషి వచ్చి, అదేమిటో, ఏ ఊరి వంటో, అందులో ఏం వేశారో చెబుతారు. అందరూ విని, తర్వాత తింటారు. అందుకే రెండు ముద్దలైనా గుర్తుంటాయి.

మన భోజనానికీ ఒక వరుస ఉంది. ముందు వేడి అన్నంలో పప్పు, నెయ్యి. తర్వాత కూర, పచ్చడి. ఆ తర్వాత పులుసో చారో. చివరికి పెరుగు. ఇక ఉగాది పచ్చడి చూడండి. బెల్లం తీపి, చింతపండు పులుపు, ఉప్పు, మిరపకాయ కారం, వేపపువ్వు చేదు, మామిడికాయ వగరు. ఒక్క చెంచాలో ఆరు రుచులు!

మరి మన ఇళ్లలో లేనిది ఏమిటి? చెప్పడం, వినడం. మా అమ్మాయి గోంగూర పప్పునీ, పాలకూర పప్పునీ "గ్రీన్ పప్పు" అనేది. ఒకటి పుల్లగా ఉంటుంది, ఇంకోటి ఉండదు. రెండింటికీ ఒకటే పేరు! తప్పు తనది కాదు. నేనెప్పుడూ చెప్పలేదు. పేరు తెలియని వంటని "చేసి పెట్టమ్మా" అని అడగలేం కదా. అడిగేవాళ్లు లేకపోతే ఆ వంట మెల్లగా ఇంట్లోంచి వెళ్లిపోతుంది.

అందుకే పోయిన శనివారం మేము ఇంట్లోనే టేస్టింగ్ మెనూ పెట్టాం. ఫోన్లు పక్క గదిలో. చిన్న గిన్నెల్లో ఒక్కొక్కటే వడ్డించాం. వండినవాళ్లు రెండు వాక్యాలు చెప్పాలి. తిన్నవాళ్లు రుచి పేరు తెలుగులో చెప్పాలి. తాతగారిని కూడా పిలిచాం. చారు గిన్నె చేతిలో పట్టుకుని, వాళ్లమ్మగారు కట్టెల పొయ్యి మీద చారు ఎలా కాచేవారో పది నిమిషాలు చెప్పారు. చారు చల్లారిపోయింది. మా అమ్మాయి మళ్లీ వేడి చేసి తెచ్చింది.

ఖరీదైన రెస్టారెంటుకి వెళ్లినా, వెళ్లకపోయినా పర్వాలేదు. ఈ వారం ఇంట్లో తినే ఒక్క వంట గురించి మాత్రం అమ్మనో, నాన్ననో, అమ్మమ్మనో అడగండి.

మీరేమంటారు? నేను చెప్పింది సరైనదా, తాతగారు చెప్పిందా? ఐదు వాక్యాల్లో రాయండి.