నేలకూ వలస తప్పలేదు

రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని తెలుగు పెద్దలతో ముచ్చటించినప్పుడు మాకు తరచు వినవచ్చే మాట ఒకటున్నది: “మేము వచ్చేశాం గాని, మా నేల అక్కడే ఉండిపోయింది.” ఆ మాటలోని ఆర్తిని మేమెరుగుదుము. కాని నేల కూడా వలస పోయినదే అంటున్నది భూగర్భ శాస్త్రం.

రాజమహేంద్రవరం చెంత కాతేరులోను, గోదావరికి ఆవల పంగిడి పరిసరాలలోను నల్లని బసాల్టు శిల కలదు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పశ్చిమ భారతాన పొంగిన లావా, నాటి నదీలోయల వెంట దాదాపు 1000 కిలోమీటర్లు ప్రవహించి అక్కడికి చేరినదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మన రాయపూర్ ప్రాంతపు సున్నపురాయి అంతకన్న ఎంతో పురాతనమైనది. అయినను ఉత్తరాన అమరకంటక్ వద్ద ఆ నల్లరాయి మనకూ కనిపిస్తుంది.

లావా అంత దూరం ఎట్లు పారినది? పాకం పట్టే గృహిణులకు ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. లేతపాకం పళ్లెమంతా పరచుకుంటుంది. ముదురుపాకం పోసినచోటనే కుప్పపడుతుంది. సిలికా తక్కువైన బసాల్టు లావా లేతపాకం వంటిది. అది పొరలు పొరలుగా పారి, బోర్లించిన డాలు వలె వాలు తక్కువైన పర్వతమౌతుంది. సిలికా హెచ్చిన లావా ముదురుపాకం. బిలం మీదనే గుమ్మటమై నిలుస్తుంది.

భారత భూఫలకం ఉత్తరానికి జరిగిపోగా, ఆ అగ్నిమూలం వెనుకబడి హిందూ మహాసముద్రంలో దీవులను నిర్మించినదని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. దాదాపు 90 లక్షల ఏళ్లనాడు మారిషస్ అట్లే డాలు పర్వతమై లేచినది. పొరుగున రీయూనియన్ దీవిలో 3,070 మీటర్ల పిటోన్ దె నేజ్ మొదట పలుచని బసాల్టును, వయసు మీరిన పిదప సిలికా హెచ్చిన చిక్కని లావాను వెలువరించి చల్లారినది. దాని సోదర పర్వతం పిటోన్ దె లా ఫూర్నేజ్ నేటికీ తరచు నిప్పులు క్రక్కుతున్నది.

19వ శతాబ్దిలో కోరంగి రేవున ఓడలెక్కి, చెరకు తోటల పనికి మారిషస్ చేరిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. నేడు ఆ దేశంలో ఉగాది సెలవుదినం. పరాయిదని తలచి వారు అడుగుపెట్టిన నేలను, గోదావరి గట్టు రాతిని కన్న నిప్పే కన్నది!

సెలవులలో రాజమహేంద్రవరం వైపు వెళ్లే పాఠకులు తమ పిల్లలకు ఆ నల్లరాతిని తప్పక చూపవలెనని మా మనవి. “మనదే ఊరు?” అని వారడిగినప్పుడు, ఆ రాయి కూడా దూరాన్నుంచి వచ్చినదేనని చెప్పండి.